కుక్క ఉన్న ఇంటి తిండి, నడక



ఈ ఉపన్యాసం వెనక ఉన్న నిధి ఎవరి జ్ఞాపకార్థం పెట్టారో ఆయన పేరు ఆహ్వానపత్రిక మీద లేదని మీలో కొందరు గమనించే ఉంటారు. తన పేరు బోర్డులకూ పుస్తకాలకూ ఎక్కనివ్వవద్దని ఆయనే ఇంట్లోవాళ్ళకు చెప్పి వెళ్ళారు. ఆ మాట మన్నించి, నందిగామ, జగ్గయ్యపేట రెండు ఊళ్ళవాళ్ళూ పిలిచినట్టే నేనూ ‘పశువుల డాక్టరుగారు’ అనే అంటాను. ఆయన ఉద్యోగమంతా గేదెలతో, ఎడ్లతో, గొర్రెల మందలతో గడిచింది. రిటైరయ్యే రోజులకు ఎడ్లు తగ్గి, గొలుసు పట్టుకుని కుక్కల్ని తీసుకొచ్చేవాళ్ళు పెరిగారు. లావెక్కిన కుక్కను ఎవరైనా తెస్తే ఆయన ముందు కుక్కను ముట్టుకునేవారు కాదు. “మీ ఇంట్లో రాత్రి ఎన్నింటికి తింటారు? పొద్దున ఎవరు ముందు లేస్తారు? నూనె క్యాను ఎన్నాళ్ళొస్తుంది?” అని అడిగేవారు. వచ్చినవాళ్ళు అది పిచ్చాపాటీ అనుకుని నవ్వుతూ చెప్పేవాళ్ళు. చీటీ రాయడం ఆ తర్వాత.

నేను ఇవాళ చెప్పబోయేదంతా ఆ మూడు ప్రశ్నల్లోనే ఉంది. కుక్క ఒంటి బాగు, ఇంటివాళ్ళ ఒంటి బాగు రెండు వేరువేరు లెక్కలు కావు. ఒకే వంటిల్లు, ఒకే గడియారం, ఒకే వీధి రెంటినీ నడుపుతాయి. ఆ మూడింటిని సరిచేయకుండా కుక్కకు ఖరీదైన ప్యాకెట్టు తిండి కొన్నా, మనం చిరుధాన్యాలకు మారినా పెద్దగా ఒరిగేదేమీ లేదన్నది నా వాదన. కుక్క మాట వచ్చింది గనుక ధర్మరాజు స్వర్గారోహణం దగ్గర మొదలుపెడతానని కొందరు ఎదురుచూస్తూ ఉండవచ్చు. ఆయన ప్రయాణం పర్వతాల్లో, మనది జాతీయ రహదారి పక్కన. అందుకని ఆయన జోలికి వెళ్ళడం లేదు.

1

ముందు ఒక స్వీడన్ సంగతి. అక్కడ పెంపుడు కుక్కల బీమా వివరాలు, మనుషుల ఆరోగ్య రికార్డులు రెండూ పద్ధతిగా దొరుకుతాయి. పరిశోధకులు వాటిని జతచేసి రెండు లక్షలకు పైగా యజమాని–కుక్క జంటలను పరిశీలించారు. ఫలితాలు 2020 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. షుగరు ఉన్న కుక్క యజమానికి, షుగరు లేని కుక్క యజమాని కంటే టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం సుమారు మూడో వంతు ఎక్కువని తేలింది. పిల్లుల విషయంలో అలాంటి సంబంధం కనిపించలేదు.

దీన్నుంచి షుగరు అంటుకుంటుందని ఎవరూ అనుకోవద్దు. కుక్కకు వచ్చే షుగరు చాలావరకు ఇన్సులిన్ తయారుకాక వచ్చేదే, మనలో ఎక్కువమందికి వచ్చే రకం కాదు. అయినా రెండూ ఒకే గడపలో కనబడుతున్నాయంటే, ఆ గడప లోపల ఉమ్మడిగా ఏదో ఉందని అనుమానించాలి. పిల్లి తన తిరుగుడు తాను తిరుగుతుంది, ఎవరూ దాన్ని వాకింగుకు తీసుకెళ్ళరు. కుక్క కదలిక మన కదలికకు కట్టుబడి ఉంటుంది. ఇది నా ఊహ మాత్రమే, ఆ పరిశోధన తేల్చిన విషయం కాదు. కానీ డాక్టరుగారు ఈ పత్రిక ఏదీ చదవకుండానే కుక్కను తెచ్చిన మనిషి పొట్ట వైపు ఎందుకు చూసేవారో దీంతో నాకు అర్థమైంది.

షుగరు వ్యాధి గురించి మనకు చాలా సంగతులు తెలిసింది కూడా కుక్కల వల్లే. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ ఒక కుక్కకు క్లోమం తీసేస్తే దానికి మధుమేహం వచ్చింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఆ క్లోమం సారంతోనే మధుమేహపు కుక్కలను బతికించారు. మరుసటి జనవరిలో అదే మందు ఒక పిల్లవాడికి ఎక్కించారు. ఈ హాల్లో ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు ఉంటారు. మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందని, ఇంకో 13.6 కోట్ల మంది దాని గడప దగ్గర ఉన్నారని ఐసీఎంఆర్ సర్వే 2023లో అంచనా కట్టింది. మన రెండు పట్టణాలు ఆ లెక్కకు బయట ఉన్నాయని మనలో ఎవరూ అనుకోరు.

2

ఇప్పుడు తిండి. దీనికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాను.

2022 ఏప్రిల్ 4 నుంచి మనది ఎన్టీఆర్ జిల్లా అయినా, మాటల్లో మనమింకా కృష్ణా మెట్ట వాళ్ళమే. మెట్ట అంటే జొన్న, కంది, పత్తి, మిరప. మా పెద్దవాళ్ళ తరానికి తెల్లన్నం పండగనాటి మాట. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలవలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలవ నల్గొండ, ఖమ్మం దాటి మన చేలకు చేరాక వరి వచ్చింది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఒక్క తరంలో కంచం రంగు మారిపోయింది. దాంతోపాటే నాగలి పోయి ట్రాక్టరు, కాలినడక పోయి మోటారుసైకిలు వచ్చాయి. అన్నం పెరిగి కష్టం తగ్గింది. షుగరు కథ సగం ఇక్కడే ఉంది.

అందుకే ఈ మధ్య అందరి నోటా ఒకటే మాట: పాత తిండికి పోదాం, జొన్న సంకటికి పోదాం. జొన్నరొట్టె నాకూ ఇష్టమే. కానీ పాత తిండి అంతా అమృతమని చెప్పేవాళ్ళకు ఒక కుక్కపిల్లల కథ చెప్పాలి. అది హైదరాబాదులోనే జరిగింది.

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధన కోసం చిన్న గదిలో మొదలై, 1958లో హైదరాబాదు వచ్చింది. అక్కడి శాస్త్రవేత్తలకు ఒక చిక్కు ఎదురైంది. పెలగ్రా అనే జబ్బు మొక్కజొన్న మాత్రమే తినే దేశాల్లో వస్తుందని ప్రపంచం అనుకుంటోంది. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి చెదురుతుంది. మరి దక్కను మీద జొన్నే ముఖ్యాహారమైన పేదలకు ఎందుకొస్తోంది? సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో దీని మీద లాన్సెట్‌లో రాశారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, అది శరీరం నయాసిన్‌ను వాడుకునే దారికి అడ్డుపడుతోందని వారి వాదన. దాన్ని పరీక్షించడానికి కుక్కపిల్లలను ఎంచుకున్నారు. ఎందుకంటే మనుషుల పెలగ్రాకు సాటివచ్చే జబ్బు కుక్కల్లో ఉంది. నాలుక నల్లబడుతుంది గనుక దాన్ని నల్లనాలుక అన్నారు. 1937లో అమెరికాలో ఎల్వెజెమ్ నికోటినిక్ ఆమ్లంతో ఆ నల్లనాలుకను నయం చేశాకే మనుషుల పెలగ్రాకూ మందు తెలిసింది. హైదరాబాదులో ల్యూసిన్ చేర్చిన తిండి పెట్టిన కుక్కపిల్లలకు నాలుక నల్లబడింది.

ల్యూసిన్ సిద్ధాంతం మీద తర్వాత చాలా చర్చ నడిచింది, దాన్ని అందరూ ఒప్పుకోలేదు. కానీ పేద జొన్నతిండికి పెలగ్రా వచ్చేదన్నది మాత్రం నిజం. తప్పు జొన్నది కాదు, కంచంలో జొన్న తప్ప ఇంకేమీ లేకపోవడానిది. పప్పు, పాలు, ఆకుకూర, గుడ్డు పక్కన చేరితే జొన్న నిక్షేపమైన గింజ. ఒక్క గింజ మీద ఇల్లు నిలబెట్టడం అప్పుడు జొన్నతో చేశాం, ఇప్పుడు బియ్యంతో చేస్తున్నాం. అదే పోషకాహార సంస్థ 2024లో కొత్త సూచనలిచ్చింది. రోజుకు రెండు వేల కేలరీలు చాలిన మనిషికి వండకముందు 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పో మాంసమో, 400 గ్రాముల కూరగాయలు, 27 గ్రాముల నూనె. ఈ చివరి అంకెను ముప్పైతో, తర్వాత నలుగురితో హెచ్చించండి. నెలకు మూడు కిలోల చిల్లర వస్తుంది. డాక్టరుగారు నూనె క్యాను సంగతి ఊరికే అడగలేదు. ఐదు లీటర్ల క్యాను మీ ఇంట్లో ఎన్నాళ్ళొస్తుందో ఇక్కడ చెప్పమని నేను అడగను.

మరి కుక్క? కుక్క మాంసాహారి, అన్నం దాని ఒంటికి పడదు అని ఈమధ్య కొందరు గట్టిగా చెబుతున్నారు. 2013లో నేచర్ పత్రికలో స్వీడన్ శాస్త్రవేత్తలు తోడేలు జన్యువులనూ కుక్క జన్యువులనూ పోల్చి చూపించారు. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు తోడేలుకు రెండు ప్రతులుంటే కుక్కకు చాలా ఎక్కువ ఉన్నాయి. మనిషి సేద్యం నేర్చి గింజలు తినడం మొదలుపెట్టాక, ఆ గింజల దగ్గర చేరిన తోడేలు సంతానం కూడా గింజలకు అలవాటు పడింది. మన మెట్ట ఊళ్ళలో తరాలుగా కుక్కలు జొన్నన్నం, మజ్జిగ తిని బతికాయి. అన్నం కుక్కకు విషం కాదు. అన్నం ఒక్కటే పెడితే మాత్రం, మనకైనా దానికైనా అదే పెలగ్రా కథ మళ్ళీ మొదలవుతుంది.

3

ఇక వంటిల్లు. ఇంట్లో కుక్క ఎందుకు లావెక్కుతుంది? మనం లావెక్కే కారణంతోనే: భోజనాల మధ్య తిండి. టీ తాగేటప్పుడు బిస్కెట్టు, పిల్లలు వదిలేసిన దోసె ముక్క, అమ్మమ్మ ‘పాపం చూస్తోంది’ అని పెట్టే గారె. పశువైద్యుల లెక్క ప్రకారం 10 కిలోల కుక్కకు రోజంతా 600 కేలరీలు దాటి కొంచెం చాలు. చిరుతిండి అందులో పదో వంతుకు మించకూడదు. అంటే మూడు మేరీ బిస్కెట్లకే దాని కోటా అయిపోతుంది. నాలుగోది పెట్టేది ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఒప్పుకోరు.

కుక్కకు పెట్టే తిండిని పావు వంతు తగ్గిస్తే ఏమవుతుందో అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కల మీద చూశారు. ఒకే ఈతలో పుట్టినవాటిని జతలు కట్టి, ఒకదానికి రెండోదాని కంటే పావు వంతు తక్కువ పెడుతూ వాటి జీవితకాలమంతా గమనించారు. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్ళు, రెండో గుంపుది 11.2. కీళ్ళ నొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. 2002లో వెలువడిన ఈ ఫలితం కంటే పెద్ద మందు నాకు తెలిసినంతలో ఏ ప్యాకెట్టులోనూ లేదు.

లాబ్రడార్ మాట వచ్చింది గనుక ఇంకొకటి. మన పట్టణాల్లో మోజుగా పెంచేది అదే. సుమారు నాలుగింట ఒక లాబ్రడార్‌లో పీఓఎంసీ అనే జన్యువులో కొంత భాగం లేదని కేంబ్రిడ్జి బృందం 2016లో కనిపెట్టింది. ఆ కుక్కకు తిన్నా ఆకలి తీరదు. అలాంటిదాన్ని ‘తిండిపోతు’ అని తిట్టడమూ తప్పే, అది అడిగినంతా పెట్టడమూ తప్పే. ఆకలి దాని చేతిలో లేదు, గిన్నె మన చేతిలో ఉంది. లావైన మనుషుల్ని చూసి నోటి మీద అదుపు లేదని తేల్చేసే బంధువులు కూడా ఈ మాట వినాలి.

కుక్కకు పెట్టకూడనివాటి గురించి కొంచెం ఖచ్చితంగా చెబుతాను, ఇది ప్రాణాల సంగతి. ఉల్లి, వెల్లుల్లి దాని ఎర్రరక్తకణాలను పగలగొడతాయి. వండినా, పొడి చేసినా ఆ గుణం పోదు. 10 కిలోల కుక్కకు 50 గ్రాముల ఉల్లిపాయ, అంటే ఒక చిన్న గడ్డ, ప్రమాదం తెచ్చిపెట్టగలదు. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కాబట్టి పండగనాటి పాయసం, సేమ్యా దానికి వద్దు. చాక్లెట్టు వద్దు. ఉడికించిన కోడి ఎముక చీలికలై గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. మామిడిపండు ముక్క పెట్టవచ్చు గానీ టెంక అందనివ్వవద్దు. షుగరు ఉన్న ఇళ్ళలో ఇంకో ముప్పు ఉంది. చక్కెర లేని చూయింగ్ గమ్ముల్లో, కొన్ని తీపి పొడుల్లో జైలిటాల్ వాడతారు. మనిషిలో దాని ప్రభావం వేరు. కుక్క ఒంట్లో మాత్రం ఒక్కసారిగా ఇన్సులిన్ ఉప్పొంగి గంటలోపే అది కుప్పకూలవచ్చు.

ఈ జాబితా విన్నాక మన కూరల్లో కుక్కకు పెట్టగలిగేది ఏదీ మిగలదని మీకు తోచవచ్చు. సరిగ్గా అక్కడే నా వాదనకు ఒక పట్టు దొరుకుతుంది. కుక్క కోసం ఉల్లి, ఉప్పు, కారం, తాలింపు వేయకముందే కొంత పప్పు, కొంత సొరకాయో గుమ్మడికాయో, ఒక ఉడికిన గుడ్డు పక్కకు తీసి పెట్టే ఇల్లాలికి ఒక సంగతి రోజూ కంటబడుతుంది: ఆ తర్వాత మనవాటిలో ఎంత ఉప్పు, ఎంత నూనె పడుతున్నాయో. రోజుకు ఐదు గ్రాములు దాటవద్దన్న ఉప్పు, ఆవకాయ బద్ద, అప్పడం దగ్గరే దాటిపోతుంది. బీపీ బిళ్ళ వేసుకునేవాళ్ళు కుక్క వాటా పక్కన తమ వాటా కూడా తీసిపెట్టమని అడగవచ్చు. ఇంట్లో పోరు తప్పదు, అది మీరు మీరు చూసుకోండి.

4

నడక దగ్గర మనకు అసలు చిక్కు ఉంది.

బ్రిటన్‌లో లివర్‌పూల్ పరిశోధకులు 2019లో రాశారు: కుక్క ఉన్నవాళ్ళు, లేనివాళ్ళ కంటే వారానికి 150 నిమిషాల వ్యాయామపు లక్ష్యాన్ని అందుకునే అవకాశం సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. కుక్క కోసం నడిచినందువల్ల వాళ్ళ మిగతా వ్యాయామం కూడా తగ్గలేదు. ఇది చదివి కుక్కను కొనుక్కుంటే సరిపోతుందనుకోకండి. అక్కడ కుక్కను పెంచడమంటే దాంతో నడవడం. మన దగ్గర కుక్కను పెంచడమంటే చాలా ఇళ్ళలో గేటు దగ్గర గొలుసుతో కట్టేయడం. నడిపించడం పనివాడికి అప్పజెబుతాం, అప్పుడు ఆరోగ్యం పనివాడికి దక్కుతుంది. జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం ఫలకం మీద చక్రవర్తి చుట్టూ ఏనుగూ గుర్రమూ రత్నాలుగా నిలబడి ఉంటాయి. కుక్కకు ఆ సభలో చోటు లేదు. ఆనాటి నుంచీ మన లెక్కలో అది కాపలాకే పనికొస్తోంది.

కుక్క మనిషిని నడిపించేది ఎలా? ఆరోగ్యం కోసం నడవాలన్న సంకల్పం జనవరిలో పుట్టి సంక్రాంతి అరిసెలతో పోతుంది. కుక్కకు మీ సంకల్పంతో పనిలేదు. అది ఐదున్నరకు తలుపు గీరుతుంది. దానికి ఆదివారం తెలియదు, నిన్న రాత్రి పెళ్ళికి వెళ్ళి ఆలస్యంగా పడుకున్నారని తెలియదు. మనిషి తన మాట తాను తప్పగలడు గానీ ఎదురుచూసే ప్రాణి ముందు తప్పడం కష్టం. అందుకే గొలుసు పట్టుకునేది ఇంటి యజమానే కావాలి.

ఒక ఇబ్బంది చెప్పాలి. కుక్కతో నడక నిజానికి నడక కాదు, ఆగడం. ప్రతి స్తంభం దగ్గరా వాసన చూస్తుంది. వాసన దానికి అవసరం, లాగేయవద్దు. అయితే గుండెకు పని పడాలంటే మాట్లాడగలిగేంత ఆయాసంతో ఆగకుండా నడవాలి. మొదటి పావుగంట మీది, బెల్టు పొట్టిగా పట్టుకుని చురుగ్గా నడవండి. తర్వాతి పావుగంట దానిది.

ఇక వేళ. మే నెలలో నందిగామ ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం పేపర్లో చదవనక్కర్లేదు, మన నెత్తికే తెలుసు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, అది రొప్పి ఒంటి వేడి తగ్గించుకుంటుంది. గాలే వేడిగా ఉంటే ఆ ఉపాయం పారదు. అరచేతి వెనుక భాగాన్ని తారు మీద ఆనించి ఏడెనిమిది సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు దాని పాదాలకు తగదు. వేసవిలో ఆరు దాటకముందు ఒకసారి, చీకటి పడ్డాక రోడ్డు చల్లారాక ఒకసారి. గుండె జబ్బున్న మనిషికీ అవే వేళలు. ఈ ఎండలో సైబీరియా హస్కీని ఏసీ గదిలో పెంచేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. మన పాత కృష్ణా జిల్లా పల్లపు వైపు, కొల్లేటి చుట్టూ బాతుల మందలను కాచిన జోనంగి జాతి ఉంది. పొట్టి నున్నని వెంట్రుకలు, మన వాతావరణంలో పుట్టిన ఒళ్ళు. కొల్లేట్లో బాతులు పోయి చేపల చెరువులు వచ్చాక దానికి పని పోయింది. అది దొరకకపోయినా మన వీధిలో పుట్టిన పిల్లను తెచ్చుకుంటే నష్టమేమీ లేదు.

చేలగట్ల మీద నడిచేవాళ్ళకు ఒక మాట. మిరప, పత్తి చేలల్లో మందు కొట్టిన రోజుల్లో అటు వెళ్ళవద్దు. కుక్క ఆకుల్ని రాసుకుని వస్తుంది, తర్వాత ఒళ్ళు నాక్కుంటుంది, ఆపైన మీ పిల్లలు దాన్ని కావలించుకుంటారు.

5

ఇంతవరకూ విన్న ఆడవాళ్ళు, పెద్దవయసువాళ్ళు మనసులో అనుకుంటున్నది నాకు తెలుసు: వీధికుక్కలు ఉండగా ఎక్కడ నడవమంటారు? న్యాయమైన ప్రశ్న. ఇక్కడ ఇంటి వ్యవహారం ఊరి వ్యవహారం అవుతుంది. 2023 నాటి నిబంధనల ప్రకారం వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబీస్ టీకా స్థానిక సంస్థల బాధ్యత. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, వాటికి తిండి ఎక్కడపడితే అక్కడ కాక కేటాయించిన చోటే పెట్టాలని చెప్పింది. పెళ్ళి హాళ్ళ వెనుక, మాంసం దుకాణాల పక్కన చెత్త పోసినంతకాలం ఏ ఆపరేషనూ చాలదు. తెల్లారే వేళ ఒక్కొక్కరుగా కర్ర పట్టుకుని నడిచే బదులు, వీధికి నలుగురు కలిసి ఒకే దారిన నడవండి. ఆ దారిలో చెత్త ఎత్తించమని నలుగురూ కలిసి అడగండి.

మీ కుక్కకు మూడో నెలలో రేబీస్ టీకా, ఆ తర్వాత ఏటా. ఏ కుక్క కరిచినా, గీరినా, అది మీ ఇంటిదే అయినా, పుండును పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. పసుపు, సున్నం, కారం పెట్టవద్దు. రేబీస్ లక్షణాలు కనబడ్డాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. డాక్టరుగారు ఈ ఒక్క విషయంలో మాత్రం ప్రశ్నలు వేసేవారు కాదు, గద్దించేవారు.

6

చివరికి వచ్చాను. కొలతలు ఇంట్లోనే తీయండి. కుక్క పక్కటెముకల మీద అరచేతులు ఆనిస్తే నొక్కకుండానే ఎముకలు తగలాలి. పైనుంచి చూస్తే నడుము కనబడాలి. మనుషుల్లో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్ల లోపు నడుము ఉండాలి. నెలకొకసారి ఒకే రోజున ఇద్దరి కొలతలూ ఒకే నోటుపుస్తకంలో రాసుకోండి.

ఉపన్యాసం మొదలుకాకముందే ఒక చెల్లెమ్మ చీటీ పంపారు: మా కుక్కకు పెరుగన్నం పెట్టవచ్చా అని. పెట్టవచ్చు. ఉప్పు వేయకుండా, తాలింపు, ఉల్లిపాయ లేకుండా, పెరుగు కంటే అన్నం ఎక్కువ కాకుండా. విరేచనాలైతే పెరుగు ఆపేయండి, కొన్ని కుక్కలకు పాలపదార్థాలు పడవు. పప్పో గుడ్డో వేరే పూట ఉండాలి. 10 కిలోల కుక్కకు రెండు పూటలూ కలిపి ఎంత అన్నది దాని నడుమును చూసి చెప్పాలి గానీ దాని మొహం చూసి కాదు. మిగతా చీటీలు అధ్యక్షులవారి దగ్గర ఉన్నాయి, ఒక్కొక్కటీ చదవమని వారిని కోరుతున్నాను.